పర్షియనా, సయామీసా? నెల్లూరు ఎండకు ఏ పిల్లి మేలు?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జాతి పిల్లిని తెచ్చుకోవాలనుకునే వాళ్లు ముందు చూసేది పర్షియన్‌నే. ఒళ్లంతా పొడవాటి జుట్టు, గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు. ఫోన్‌లో ఫోటో చూడగానే పిల్లలు అదే కావాలని పట్టుబడతారు. సన్నటి ఒళ్లు, నీలి కళ్లు, నల్లటి మూతి ఉన్న సయామీస్ గుర్తొచ్చేది ఆ తర్వాతే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఊళ్లకు సయామీసే మేలని నేనంటాను. కాకపోతే ఒక షరతు ఉంది. పగలు ఇంట్లో మనిషి ఉండాలి.

ముందు వీటి పుట్టుక సంగతి. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే 1620 ప్రాంతంలో పర్షియా వెళ్లి, అక్కడి ఖొరాసాన్ నుంచి పొడవు జుట్టు పిల్లులను తన దేశానికి తెచ్చాడని చెబుతారు. పేరు అక్కడిదే గానీ ఇప్పుడు మనం చూస్తున్న చప్పిడి ముక్కు అక్కడిది కాదు. బ్రిటన్, అమెరికాల్లో పెంపకందార్లు ఏరి ఏరి జత కట్టించి తెచ్చిన రూపం అది. డీఎన్ఏ పరీక్షలు చేసిన వాళ్లకు కూడా నేటి పర్షియన్ పశ్చిమ యూరప్ పిల్లుల సరసనే కనిపించింది. మన ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’ అయినట్టు ఇదీ పరాయి గడ్డ మీద రూపం మార్చుకుంది. గిత్త మాత్రం ఎండను తట్టుకునే గుణాన్ని పోగొట్టుకోలేదు. పర్షియన్‌కు చలిదేశాల్లో ముక్కు కురచైపోయింది.

సయామీస్‌ది థాయ్‌లాండ్, అంటే వెనకటి సయాం. పిల్లుల లక్షణాలను పద్యాల్లో వర్ణించే పాత పుస్తకాలు ఆ దేశంలో ఉన్నాయి. 1878లో బ్యాంకాక్‌లోని అమెరికా కాన్సుల్, అంటే అక్కడి అమెరికా ప్రతినిధి, ఒక సయాం పిల్లిని అధ్యక్షుడు హేస్ భార్య లూసీకి పంపాడు. 1884లో బ్రిటిష్ కాన్సుల్ ఎడ్వర్డ్ గూల్డ్ ఒక జంటను ఇంగ్లండ్‌లో ఉన్న తన చెల్లెలికి ఇస్తే, మరుసటి ఏడాది లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఆ సంతతి జనం కంటపడింది. వేడీ ఉక్కా కలిసిన దేశంలో పుట్టిన జాతి ఇది. మైపాడు, కొత్తపట్నం తీరాల గాలి దానికి మరీ కొత్తేమీ కాదు.

అసలు పరీక్ష ఎండాకాలమే. పిల్లికి చెమట పట్టేది ఎక్కువగా పాదాల అడుగున. ఒళ్లు నాక్కుంటే ఆ తడి ఆరి కొంత చల్లబడుతుంది. మరీ తట్టుకోలేకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. పర్షియన్‌కు ముక్కు రంధ్రాలు ఇరుకు, పైన దట్టమైన జుట్టు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ నలభై డిగ్రీలు దాటి, దానికి సముద్రపు ఉక్క తోడైతే దాని అవస్థ చూడలేం. కూలర్ ఉంది కదా అంటారు. గాలిలో అప్పటికే తేమ ఉన్నప్పుడు కూలర్ గదిని చల్లబరిచేది తక్కువ, చెమ్మ పెంచేది ఎక్కువ. ఏసీ గది కావాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యానైనా తిరగాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అలసట కాదు, ప్రమాదం. నీడకు చేర్చి, మామూలు నీళ్లలో తడిపిన బట్టతో పాదాలు, పొట్ట తుడిచి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీద ఐసు నీళ్లు పోయకూడదు. ఎండలు ముదరక ముందే పొట్ట కింద జుట్టు కురచగా కత్తిరించే వాళ్లూ ఉన్నారు, మంచి పనే.

సయామీస్‌కు ఎండతో ఇంకో రకం సంబంధం ఉంది, ఆ జాతిలో నాకు భలే నచ్చే విషయం ఇది. దాని ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైమ్ చల్లటి చోటే సరిగ్గా పనిచేస్తుంది. అందుకే ఒంటి వేడి తక్కువగా ఉండే ముక్కు, చెవులు, కాళ్లు, తోక నల్లబడతాయి, నడుము లేతగా ఉండిపోతుంది. తల్లి కడుపులో అంతా వెచ్చదనమే కాబట్టి కూనలు తెల్లగా పుడతాయి. మన వేడికి పెరిగిన సయామీస్ ఒళ్లు చలిదేశపు ఫోటోల్లో ఉన్నంత ముదురుగా ఉండకపోవచ్చు. రంగు తేలిందని నకిలీ అనుకుని గొడవ పడకండి. ఆపరేషన్ కోసం పొట్ట దగ్గర గొరిగితే అక్కడ కొత్త జుట్టు నల్లగా మొలిచినా కంగారు అక్కర్లేదు, ఆ మచ్చ నెమ్మదిగా పోతుంది.

చాకిరీలో పోటీయే లేదు. పర్షియన్‌కు రోజూ దువ్వాలి. నాలుగు రోజులు వదిలేస్తే చంకల్లో, చెవుల వెనక జుట్టు అట్టలు కట్టి చర్మాన్ని లాగుతుంది. కళ్ల నుంచి నీరు కారుతూనే ఉంటుంది, తడి దూదితో తుడవాలి. వానాకాలంలో జుట్టు తడిసి ఆరకపోతే తామర అంటుకుంటుంది, అది ఒళ్లో పెట్టుకునే పిల్లలకూ వస్తుంది. సయామీస్‌కు వారానికి ఒకసారి దువ్వెన ఆడిస్తే చాలు. ఒక మాట, పొట్టి జుట్టు పిల్లి అయితే ఎలర్జీ రాదనుకోవడం సరికాదు. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్ పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉంటుంది, జుట్టు పొడవుతో దానికి పెద్దగా పని లేదు.

జబ్బుల్లో పర్షియన్‌కు పెద్ద బెడద కిడ్నీల్లో నీటితిత్తులు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఆ జన్యువు ఉన్నా కూనకు రావచ్చు. చాలా దేశాల్లో పరీక్షలు చేస్తే మూడో వంతుకు పైగా పర్షియన్లలో ఇది బయటపడింది. 2004 నుంచి దీనికి జన్యు పరీక్ష ఉంది. సయామీస్‌కు ఉబ్బసం, పళ్ల చిగుళ్ల బాధలు వస్తుంటాయి. రోజూ సాంబ్రాణి వేసే ఇంట్లో పొగ వెళ్లేదాకా దాన్ని వేరే గదిలో ఉంచడం మంచిది.

ఇక స్వభావం. పర్షియన్ నెమ్మది, కూర్చున్న చోటు నుంచి కదలదు, అరిచేదీ తక్కువే. సయామీస్ వాగుడుకాయ. వంటింట్లోకి వెంట వస్తుంది, బీరువా ఎక్కుతుంది, పట్టించుకోకపోతే పసిపిల్ల ఏడ్చినట్టు గొంతెత్తుతుంది. ఎదకొచ్చిన ఆడ సయామీస్ రాత్రంతా అరుస్తుంటే అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వాళ్లు ఊరుకోరు. ఐదారు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ టెన్షన్ పోతుంది. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఆఫీసుకు వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో సయామీస్ ఒంటరిగా బెంగపడుతుంది. అలాంటి వాళ్లు సయామీస్ జోలికి పోకపోవడమే మంచిది, పోతే రెండు కూనలను కలిపి తెచ్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో పర్షియన్‌దే పైచేయి.

తిండి రెండింటికీ ఒకటే. పిల్లి మాంసాహారి, టారిన్ అనే పదార్థం దానికి తిండి నుంచే అందాలి, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పాలూ అన్నంతో దాన్ని పెంచలేం, పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. చేపలకు మన దగ్గర కరువు లేదు గనుక రోజూ చేపే వేద్దామనిపిస్తుంది. పచ్చి చేప ఎక్కువైతే బీ1 విటమిన్ తగ్గిపోతుంది. ఉడికించి, ముళ్లు తీసి, అప్పుడప్పుడు పెట్టండి, రోజువారీకి పిల్లుల కోసం తయారైన ఫుడ్ ఉండాలి. చేపల పులుసు ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ ముక్క వేస్తే ప్రాణం పోతుంది. కుక్కల గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి కూడా పిల్లికి విషమే.

కొనేటప్పుడు పంచ్ ఫేస్, సెమీ పంచ్, డాల్ ఫేస్ అంటూ రేట్లు చెబుతారు. ముక్కు ఎంత లోపలికి పోతే ధర అంత పైకి. ఊపిరాడని ముఖానికి ఎక్కువ డబ్బు ఇవ్వడం నాకైతే మింగుడు పడదు. పర్షియనే కావాలని ఇంట్లో పంతం పడితే ముక్కు కాస్త బయటికి ఉన్న డాల్ ఫేస్ తీసుకోండి. జాతి పిల్లి అని అమ్మే వాళ్లను తల్లిదండ్రుల కాగితాలు, పర్షియన్ అయితే కిడ్నీ పరీక్ష ఫలితం అడగండి. ఒంగోలు గిత్తను కొనే రైతు దాని తండ్రి ఎవరి ఆంబోతో అడక్కుండా బయానా ఇస్తాడా? కాగితాలు లేనప్పుడు మీరు కొంటున్నది జుట్టూ రంగూ మాత్రమే, ధర కూడా అంతమేరకే ఉండాలి.

అసలు జాతి పట్టింపు లేని వాళ్లకు మన నాటు పిల్లి ఉండనే ఉంది. ఈ ఎండలో తరతరాలుగా బతికిన పిల్లి. దువ్వే పని లేదు, ఎలుకలను వదలదు, కూన ఊరికే దొరుకుతుంది. రేబిస్ టీకా, పిల్లులకు వచ్చే మూడు వైరస్ జబ్బులకు వేసే ట్రైక్యాట్ టీకా, నట్టల మందు, ఆపరేషన్ మాత్రం దానికీ చేయించాలి. బియ్యం బస్తాలు నిలవుండే ఇంటికి పర్షియన్, సయామీస్‌ల కంటే ఇదే మేలు.

ఏది తెచ్చినా పన్నెండు వారాలు నిండిన కూననే తెచ్చుకోండి, అంతకంటే ముందు తల్లి నుంచి విడదీస్తే కరవడం, బెదరడం అలవాటవుతుంది. పర్షియన్ అయితే వేసవి సెలవుల్లో తెచ్చే ఆలోచన మానుకుని కార్తీకం దాకా ఆగండి. మళ్లీ ఎండలు వచ్చేలోపు దానికి ఇల్లు, మీకు దువ్వెన అలవాటవుతాయి.