మూడేళ్లుగా కాన్సన్‌ట్రేటెడ్ లిక్విడ్: అసలు కథంతా మూతలోనే ఉంది

మియాపూర్‌లో ఈ ఫ్లాట్‌కి మారినప్పుడు బట్టలుతికే పౌడర్ మానేశాను, మూడేళ్లు దాటింది. అప్పటి నుంచి కాన్సన్‌ట్రేటెడ్ లిక్విడే, అంటే కొంచెం పోస్తే సరిపోయే చిక్కటి లిక్విడ్. ఏ కంపెనీదో చెప్పను, మూడు మార్చి చూశాను, పెద్ద తేడా ఏం లేదు. ఇంట్లో నలుగురం, ఫ్రంట్ లోడ్ మెషిను, వారానికి నాలుగు లోడ్లు.

పౌడర్ రోజుల్లో లోడుకి వంద గ్రాముల దాకా పడేది, అంటే నెలకి కిలోన్నర పైనే. ఇప్పుడు లోడుకి 30 మి.లీ., నెలకి అర లీటరు. మరి ఆ మిగతా బరువంతా ఏంటి అంటారా? చవక పౌడర్లలో సోడియం సల్ఫేట్ లాంటివి బాగా కలుపుతారు, ప్యాకెట్ నిండుగా కనిపించడానికీ పొడి పొడిగా ఉండడానికే తప్ప మురికితో వాటికి పెద్దగా పని లేదు, లారీ ఎక్కి ఇంత దూరం వచ్చి మన మెషిన్లో నాలుగు చుట్లు తిరిగి డ్రైనేజీలోకి పోతాయి. మామూలు లిక్విడ్ అయితే మోసుకొచ్చేది ఎక్కువగా నీళ్లే.

అలాగని ఇది అమృతం కాదు. మురికిని వదలగొట్టే సర్ఫాక్టెంట్ ఇందులోనూ ఉంటుంది, చిక్కగా ఉంటుంది అంతే. మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, 2015లో బెళ్లందూరు చెరువు నురగ రోడ్డు మీదికి కొట్టుకొచ్చినప్పుడు ఫొటోలు పంపాడు, మంచు పడ్డట్టు ఉంది. శుద్ధి చేయకుండా వదిలేసిన ఇళ్ల మురుగు, అందులోని డిటర్జెంటు ఆ నురగకి పెద్ద కారణం. కాబట్టి లాభం కనిపించేది తక్కువ పోసినప్పుడే, ఇదే నేను మొదటి ఏడాది చేయలేదు.

తప్పు మూతది. నీలం మూత, లోపల నీలం గీతలు, ఎంత దగ్గరికి పెట్టుకుని చూసినా కనబడవు, దాంతో నిండా పోసేసేదాన్ని. నురగ ఎక్కువైతే మెషిను తనంతట తనే ఇంకోసారి జాడిస్తుంది, అరగంట కరెంటు, బోలెడు నీళ్లు దండగ. ఇంట్లో పని చేయడానికి వచ్చే ఆవిడదైతే ఇంకో గొడవ, "నురగే లేదు, మురికెట్ల పోతదమ్మా?" అని నేను చూడకుండా ఇంకో మూత పోసేది! చివరికి పిల్లల దగ్గు మందు సీసా మూత, 10 మి.లీ. గీత ఉన్నది, కడిగి మెషిను మీద పెట్టాను. మూడు మూతలు, అంతే. అప్పటి నుంచి డబ్బా మూడు వారాలు ఎక్కువ వస్తోంది.

ఎండాకాలం మాత్రం ఏడిపిస్తుంది. బోరు తగ్గి ట్యాంకర్ నీళ్లు మొదలైతే ఉప్పు నీళ్లలో 30 సరిపోదు, స్కూలు షర్టులు బూడిద రంగుకి తిరిగాయి. నాలుగు మూతలు పోస్తే కాస్త నయం. ఈ విషయంలో మంచి పౌడరే మేలు, ఒప్పుకుంటాను. ఆవకాయ నూనె మరక మీద అయితే రెండు చుక్కలు నేరుగా రుద్ది పది నిమిషాలు వదిలేయండి, పౌడర్‌తో అది నాకెప్పుడూ కుదరలేదు.

ఇంకోటి, చివరిసారి జాడించిన నీళ్లు బకెట్లోకి పట్టి బాల్కనీ మొక్కలకి పోస్తాను. పౌడర్ కాలంలో కుండీ మట్టి మీద తెల్లగా పొర కట్టేది, కరివేపాకు కొసలు మాడేవి. ఇప్పుడు ఆ పొర లేదు.

నాకున్న పెద్ద కోపం రీఫిల్ పౌచ్‌ల మీద. ప్లాస్టిక్ తక్కువే, నిజం, కానీ పొరలు పొరలుగా అతికించిన ఆ కవర్‌ని కబాడీ అతను చేత్తో కూడా ముట్టుకోలేదు, "ఇది నడవదమ్మా" అన్నాడు. ఏడాది పాటు సింక్ కింద దాచిన పౌచ్‌లు అలాగే చెత్త బండిలోకి పోయాయి. ఇప్పుడు అయిదు లీటర్ల డబ్బా కొని పాత సీసాలోకి ఒంపుకుంటున్నాను, బరువని ఇంట్లో అందరూ సణుగుతారు. ఖాళీ డబ్బాని మాత్రం మొన్న అతను బేరం లేకుండా తీసుకెళ్లాడు.