ఆర్థరైటిస్ ప్యాకేజీ: పది మార్కుల్లో రక్తానికి నాలుగే

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లమీద తిరగబడి వాపు తెచ్చే జబ్బు) ఉన్నవాళ్లే ఈమధ్య ముందుకొచ్చి, ఏడాది పొడవునా రీల్స్ చేసి, పోస్టులు పెట్టి "కీళ్ల నొప్పులేగా అని తీసిపారేయకండి, తొందరగా చూపించుకోండి" అని చెబుతున్నారు. మంచి పని. కానీ ఆ మాట విన్నవాళ్లలో చాలామంది ముందు వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, ఫోన్లో "ఆర్థరైటిస్ ప్యాకేజీ" బుక్ చేయడానికి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, మర్నాటికి రిపోర్టు వాట్సాప్‌లో ఉంటుంది. అక్టోబరు 12, ప్రపంచ ఆర్థరైటిస్ దినం దగ్గరపడితే డిస్కౌంటు కూడానూ. ఆ ప్యాకేజీకి పెట్టే డబ్బు గిట్టుబాటవుతుందా లేదా అన్నదే ఇక్కడ విషయం. ఫలానా ల్యాబు అని కాదు. పైన పేరు మారినా లోపల సరుకు దాదాపు ఒకటే.

ఆ సరుకేమిటంటే: ఒంట్లో వాపు ఉందా చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ, రుమటాయిడ్‌లో తరచు కనిపించే యాంటీబాడీ అయిన ఆర్ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ, కాల్షియం, ఫాస్ఫరస్. కాస్త రేటు పెరిగితే విటమిన్ డి, ఏఎన్ఏ. ఇంకా పెరిగితే యాంటీ సిసిపి, హెచ్ఎల్ఏ-బి27. చౌక ప్యాకేజీల్లో చాలావాటికి ఉన్న లోపం ఒక్కటే. రుమటాయిడ్ అనుమానం ఉన్నప్పుడు తప్పకుండా చూడాల్సిన యాంటీ సిసిపి (రుమటాయిడ్‌ని ఎక్కువ కచ్చితంగా పట్టించే ఇంకో యాంటీబాడీ) వాటిలో ఉండదు. మిగతా టెస్టులు చవగ్గా అయిపోతాయి కాబట్టి లెక్కకి ఇన్ని అని చూపించడానికి పనికొస్తాయి. "12 పరీక్షలు" అని పెద్దక్షరాల్లో కనిపిస్తే ముందు ఆ పన్నెండూ ఏమిటో చదవాలి.

రక్తానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చడానికి ఒక తక్కెడ ఉంది. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ల జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి పది మార్కుల పద్ధతి ఒకటి పెట్టాయి. కనీసం ఒక కీలుకి నిజంగా వాపు ఉండి, ఆ వాపుకి వేరే కారణం కనిపించనప్పుడే లెక్క మొదలుపెట్టాలి. ఆరు మార్కులొస్తే రుమటాయిడ్ కింద జమ. కీళ్లకి 5 దాకా, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సిసిపి రెండింటికీ కలిపి 3 దాకా, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ పెరిగితే 1, లక్షణాలు మొదలై ఆరు వారాలు నిండితే 1. అంటే రక్తపరీక్షలన్నీ ఎర్రక్షరాల్లో వచ్చినా దొరికేది నాలుగే. ఒట్టి ప్యాకేజీతో ఎవరికీ రుమటాయిడ్ తేలదు. తేల్చి చెప్పేశామని ఫోన్ చేసే కాల్ సెంటర్ మాట పట్టించుకోనక్కర్లేదు.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. రుమటాయిడ్ ఉన్న ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివే ఉంటుంది. అలాంటి మనిషికి యాంటీ సిసిపి కూడా నెగటివే వచ్చి, నాలుగు నుంచి పది చిన్న కీళ్లు వాచాయనుకోండి, మూడు మార్కులు. ఈఎస్ఆర్ పెరిగింది, ఒకటి. రెండు నెలలైంది, ఇంకొకటి. మొత్తం ఐదు. ఒక్క మార్కు తక్కువైందని జబ్బు లేనట్టు కాదు, డాక్టరు మళ్లీ మళ్లీ చూడాలన్నమాట. కానీ ప్యాకేజీ రిపోర్టులో "నెగటివ్" అన్న ముక్క చూసి, హమ్మయ్య అనుకుని, నొప్పి బిళ్ళలతో ఏడాది నెట్టేసేవాళ్లున్నారు. ఈ సర్వీసు వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఎముక అరగడం మొదలయ్యాక పోయింది తిరిగి రాదు.

ఆర్ఏ ఫ్యాక్టర్ దగ్గర ఉల్టా గొడవ కూడా ఉంది. పేరులో ఆర్ఏ ఉంది కదాని పాజిటివ్ వస్తే ఆర్ఏ అనుకుంటారు. హెపటైటిస్ సి, టీబీ, షోగ్రెన్ జబ్బు (కళ్లు, నోరు ఎండిపోయేది) ఉన్నా, వయసు పైబడిన ఆరోగ్యవంతుల్లో కొందరికీ అది పాజిటివ్ వస్తుంది. అంకె చూడాలి. ల్యాబు హద్దు 20 అయితే 32 వచ్చినా ఎర్రటి ముద్దక్షరాల్లోనే వేస్తారు, 320 వచ్చినా అలాగే వేస్తారు. పైన చెప్పిన లెక్కలో హద్దుకి మూడు రెట్ల లోపు ఉంటే తక్కువ పాజిటివ్, రెండు మార్కులు. మూడు రెట్లు దాటితే ఎక్కువ పాజిటివ్, మూడు మార్కులు. కీళ్లకి ఏ వాపూ లేని అరవై ఐదేళ్ల పెద్దాయనకి 32 వచ్చిందంటే కంగారు పడాల్సింది ఏమీ లేదు. యాంటీ సిసిపి ఇంత మోసం చేయదు. అది పాజిటివ్ వస్తే, అందులోనూ హద్దుకి చాలా పైన వస్తే, రుమటాయిడ్ అనుమానం బాగా గట్టిపడుతుంది. కీళ్లు వాచడానికి ఏళ్ల ముందే పాజిటివ్ అయ్యేవాళ్లూ ఉన్నారు. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటుకీ దీనికీ సంబంధం ఉందని స్పష్టంగా తేలింది. ఏ ప్యాకేజీ ఫారంలోనూ ఆ ప్రశ్న కనపడదు మరి.

ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సిసిపి ఈ రెండింటినీ నెలనెలా చేయించడం దండగ. మందు పనిచేస్తోందా లేదా అన్నది వాటిలో తెలియదు. దానికి ఈఎస్ఆర్, సీఆర్పీ చూడాలి, అంతకన్నా ముందు కీళ్లు లెక్కపెట్టాలి.

ఈఎస్ఆర్ దగ్గరే ఇంటి సర్వీసు ఎక్కువ తడబడుతుంది. అది రక్తం నిలువు గొట్టంలో గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసే పరీక్ష. పాతదే, చవకైనదే, కానీ సున్నితం. చాలాచోట్ల నల్లమూత ట్యూబులో సిట్రేటు (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ఒక వంతుకి రక్తం నాలుగు వంతులు పట్టాలి. ట్యూబు మీద గీత ఉంటుంది, అక్కడిదాకా నిండాలి. సగం తీసి మూత పెట్టేస్తే లెక్క తప్పుతుంది. నిండాక మెల్లిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, సీసా కుదిపినట్టు కుదపకూడదు. మామూలు గది వేడిలో నాలుగు గంటల్లోపు పరీక్ష పెట్టాలి. పొద్దున ఆరున్నరకి మీ దగ్గర తీసిన రక్తం ఇంకో పది ఇళ్లు తిరిగి, మధ్యాహ్నం హబ్‌కి చేరి, అక్కడి నుంచి పక్క ఊరి పెద్ద ల్యాబుకి వెళ్తే అంకె తగ్గిపోతుంది. ఊదారంగు మూత ట్యూబులో తీసి చల్లగా ఉంచితే ఎక్కువసేపు ఆగుతుంది గానీ, మే నెలలో బైకు వెనక సంచిలో ఐస్ ప్యాకు కరిగిపోతే అదీ అంతే. వచ్చిన అబ్బాయిని "ఈఎస్ఆర్ ఎక్కడ చేస్తారు, ఎన్నింటికి చేరుతుంది?" అని అడగండి. రిపోర్టు మీద రక్తం తీసిన టైము, ల్యాబుకి అందిన టైము రెండూ వేస్తారు. ఆ రెండింటి మధ్య తేడా చూశాకే అంకె చదవండి.

రక్తహీనత ఉంటే ఈఎస్ఆర్ దానంతటదే పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. వయసుతోనూ పెరుగుతుంది. ఆడవాళ్లకైతే వయసుకి పది కలిపి సగం చేస్తే, మగవాళ్లకైతే వయసులో సగం, దాదాపుగా పై హద్దు. అరవై ఏళ్ల ఆవిడకి 33 వస్తే ల్యాబు ఎర్రగా చూపించినా అది హద్దులోనే ఉన్నట్టు.

సీఆర్పీకి ఈ బాధలు తక్కువ, కానీ యూనిట్ల తకరారు ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి. పోయిన నెల 12, ఈ నెల ఇంకో ల్యాబులో 1.2 వచ్చిందని సంతోషపడేలోపు యూనిట్ చూడాలి. రెండూ ఒకటే కావచ్చు. హెచ్ఎస్-సీఆర్పీ అని ఉంటే అది గుండె జబ్బు ముప్పు అంచనాకి చేసేది, కీళ్ల కోసం దానికి ఎక్కువ కట్టక్కర్లేదు.

మిగిలినవి త్వరగా చెప్పేసుకుందాం. ఏఎస్ఓ గొంతులో స్ట్రెప్టోకాకస్ వచ్చి పోయిందా అని చూసేది, పిల్లల్లో రుమాటిక్ జ్వరం అనుమానానికి పనికొస్తుంది. రుమాటిక్, రుమటాయిడ్ పేర్లు దగ్గరగా ఉన్నాయి తప్ప జబ్బులు వేరు. యూరిక్ యాసిడ్ గౌట్ కోసం, అంటే అదే యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే జబ్బు. కాలి బొటనవేలు ఒక్కసారిగా ఎర్రబారి వాచినవాళ్లకి సరే, పది వేళ్లూ పట్టేసినవాళ్లకి దానితో తేలేది తక్కువ. ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బులకి చూసే యాంటీబాడీ) తక్కువ మోతాదులో ఆరోగ్యవంతులకీ పాజిటివ్ వస్తుంది, డాక్టరు అడగకుండా చేయిస్తే నిద్ర చెడటం తప్ప లాభం లేదు. హెచ్ఎల్ఏ-బి27 వెన్ను పట్టేసే జబ్బుకి. విటమిన్ డి ఏ ప్యాకేజీలోనైనా పోపులో కరివేపాకులా పడుతూనే ఉంటుంది.

రక్తం ఇచ్చేముందు చేసే పొరపాట్లు కొన్ని రిపోర్టునే తారుమారు చేస్తాయి. జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ బిళ్ళల్లో 5, 10 మిల్లీగ్రాముల డోసులు మామూలు. బయోటిన్ మీద ఆధారపడే యంత్రాల్లో కొన్ని పరీక్షల అంకెలు తప్పుగా వస్తాయి, యాంటీ సిసిపి కూడా అందులో పడొచ్చు. రెండు రోజుల ముందు ఆపేస్తే గొడవ ఉండదు. ఇంకొకటి స్టెరాయిడ్. నొప్పి తట్టుకోలేక మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ళలో, "వాతం మందు" పేరుతో పొట్లం కట్టి ఇచ్చిన పొడిలో అది ఉంటే సీఆర్పీ, ఈఎస్ఆర్ పడిపోతాయి, వాపు కూడా దిగుతుంది, డాక్టరుకి ఏమీ కనపడదు. ఒక్క డోసుకే అద్భుతంగా తగ్గిన నాటుమందుని ముందు అనుమానించాలి. అలాగని రోజుల తరబడి వాడుతున్న స్టెరాయిడ్‌ని టెస్టు కోసం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు, అది ఇంకో ప్రమాదం. ఏం వేసుకున్నారో చెబితే చాలు. ఇక ఈ పరీక్షలకి పరగడుపు అక్కర్లేదు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా కలిపితేనే ఆ నియమం.

తెలుగు రాష్ట్రాల్లో మరచిపోకూడనిది చికున్‌గున్యా. 2006లో ఆంధ్రప్రదేశ్‌ని ఊళ్లకు ఊళ్లుగా కుదిపేసింది, ఇప్పటికీ వానాకాలం వస్తూనే ఉంటుంది. జ్వరం వారంలో పోయినా కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి. అచ్చం రుమటాయిడ్ లాగే చేతివేళ్లు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. ఆరు వారాల మార్కూ దానికి సులువుగా పడిపోతుంది. నొప్పులకి ముందు జ్వరం, దద్దుర్లు వచ్చాయా, అదే సమయంలో ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్న రెండు ప్రశ్నలు ఏ ప్యాకేజీ కన్నా ఎక్కువ చెబుతాయి.

ఇంతకీ కొనాలా? జబ్బు తేల్చుకోవడానికైతే వద్దు. రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లడానికి టైము పడుతుందనుకుంటే యాంటీ సిసిపి, ఆర్ఏ ఫ్యాక్టర్, సీఆర్పీ, సీబీసీ (రక్తకణాల లెక్క) ఈ నాలుగూ విడిగా చేయించండి. ఈఎస్ఆర్ దగ్గర్లోని ల్యాబుకి నడిచి వెళ్లి ఇవ్వండి. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగమే ఉంది, అలాంటి చోటికి వెళ్లేలా ఉంటే అవి కూడా ముందు చేయించకపోయినా ఫర్వాలేదు.

ఇదే ఇంటి సర్వీసు నిజంగా డబ్బుకి తగ్గ పని చేసేది జబ్బు తేలాక. రుమటాయిడ్‌కి ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్ మొదలైందంటే సీబీసీ, ఎస్జీపీటీ (కాలేయానికి), క్రియాటినిన్ (కిడ్నీలకి) మొదటి మూడు నెలలూ రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చూడాలి. చేతులు పట్టేసిన మనిషి బస్సెక్కి ల్యాబుకి వెళ్లకుండా ఇంట్లోనే అయిపోతే అంతకన్నా ఏం కావాలి. ఇక్కడ కిటుకు రోజు ఎంచుకోవడంలో ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. వేసుకున్న మర్నాడు రక్తమిస్తే ఎస్జీపీటీ కాసేపు ఎక్కువగా కనపడొచ్చు. ఆదివారం వేసుకునేవాళ్లు శుక్రవారమో శనివారమో పిలిపించుకోవాలి. అన్నట్టు, ఆ బిళ్ళనీ ఫోలిక్ యాసిడ్ బిళ్ళనీ ఒకే పసుపు రంగులో తెచ్చే బ్రాండ్లున్నాయి. ఫోలిక్ అనుకుని మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికొస్తుంది. రెండూ ఒకే డబ్బాలో పెట్టకండి. నోట్లో పుళ్లు, తగ్గని పొడిదగ్గు, జ్వరం కనిపిస్తే తర్వాతి టెస్టు తేదీ దాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు రిపోర్టుతో పాటు ఇంకొకటి తీసుకెళ్లండి, పైసా ఖర్చు కాదు. రుమటాయిడ్ వాపు పొద్దున్నే ఎక్కువ, ఓపీలో వంతు వచ్చే పదకొండింటికి సగం దిగిపోతుంది. అందుకని లేవగానే రెండు చేతులూ బల్ల మీద బోర్లా పరచి, కిటికీ వెలుతురులో పైనుంచి ఒక ఫొటో, పిడికిలి బిగించి ఇంకొకటి తీయించుకోండి. పిడికిలి ఎంతవరకు ముడుచుకుందో అందులో తెలుస్తుంది. గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఉంగరం రాకపోతే ఆ సంగతి కూడా రాసుకోండి. వేళ్ల మొదట్లో, నడిమి కణుపు దగ్గర మెత్తటి వాపా, లేక చివరి కణుపు దగ్గర గట్టి బుడిపెలా అన్నది ఫొటోలో కనిపించాలి. మొదటిది రుమటాయిడ్ తీరు, రెండోది చాలావరకు వయసుతో వచ్చే అరుగుదల. వేళ్లు వదులవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి ఫొటో కింద రాయండి. అరగంట దాటుతోందా అన్నదే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న.