పాతవాళ్ళు దిగిపోయాక: 1965 అవెంజర్స్ మేలా, 1975 ఎక్స్-మెన్ మేలా?

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు వెతుకుతుంటే మా మేనల్లుడికి ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల జట్టు కామిక్స్ సంకలనం ఒకటి దొరికింది. నాలుగు పేజీలు తిప్పి, "మామా, పాతోళ్ళు ఏరి? వీళ్ళంతా ఎవరు?" అన్నాడు. సినిమాలు చూసి పెరిగినవాడు. వాడి దృష్టిలో వుల్వరిన్ మొదటి రోజు నుంచీ ఎక్స్-మెన్‌లోనే ఉన్నాడు. కాదురా, వీళ్ళు వేరేవాళ్ళ జాగాలోకి వచ్చినవాళ్ళు అంటే నమ్మలేదు. జట్టు మొత్తాన్ని మార్చేయడంలో ఎక్స్-మెన్, అవెంజర్స్ అనే రెండు సూపర్‌హీరో జట్ల కామిక్స్‌లో ఏది నెగ్గిందో వాడికి అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టాను.

వాడి చేతిలో ఉన్నదాంతోనే మొదలుపెడతాను. ఎక్స్-మెన్‌లో కొత్త కథలు 1970లో 66వ సంచికతో ఆగిపోయాయి. ఆ తర్వాత అయిదేళ్ళు పాత కథలనే మళ్ళీ అచ్చు వేస్తూ వచ్చారు. 1975లో లెన్ వీన్ రాసి, డేవ్ కాక్రమ్ గీసిన 'జెయింట్ సైజ్ ఎక్స్-మెన్' మొదటి సంచిక వచ్చింది, వెల 50 సెంట్లు. క్రకోవా దీవికి వెళ్ళిన జట్టులో సైక్లాప్స్ ఒక్కడే తిరిగొస్తాడు. మిగిలినవాళ్ళను విడిపించడానికి జట్టును నడిపే ప్రొఫెసర్ జేవియర్ ఊరూరా తిరిగి మనుషులను పోగుచేస్తాడు. జర్మనీలో జనం తరుముతున్న నైట్‌క్రాలర్, కెన్యాలో దేవతగా పూజలందుకుంటున్న స్టార్మ్, జపాన్ నుంచి సన్‌ఫైర్, ఐర్లాండ్‌వాడు బ్యాన్షీ, అపాచీ తెగ యువకుడు థండర్‌బర్డ్. అంతకు ముందు ఏడాదే హల్క్ కథలో కనిపించిన వుల్వరిన్ కెనడా సర్కారు కొలువు వదిలేసి వస్తాడు.

వీళ్ళందరిలో నా మనసుకు దగ్గరైనవాడు కొలోసస్. సైబీరియాలో సమష్టి పొలంలో పనిచేసే రైతుబిడ్డ. ట్రాక్టరు కింద పడబోతున్న చెల్లెలిని కాపాడతాడు. తర్వాత జేవియర్ అడిగితే, అమ్మానాన్నల మాట తీసుకుని, ఇల్లు విడిచి బయల్దేరతాడు. సూర్యాపేట నుంచి సంచి ఒకటి పట్టుకుని అమీర్‌పేట హాస్టల్లో దిగిన రోజు నాకు ఆ పేజీలో కనిపిస్తుంది. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఎంతమంది అలా వచ్చినవాళ్ళే! ఇల్లు వదిలి వచ్చినవాడి బరువు చూపించడంలో ఈ సంచికను మించినది నేను చదవలేదు.

అయినా నా ఓటు దీనికి కాదు. ఎందుకంటే ఇందులో పాతవాళ్ళు దిగిపోరు. కథ ముగిసేసరికి పాతా కొత్తా కలిసి పదమూడు మంది, ఇంతమందితో ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర ఆగుతుంది. అసలు మార్పు తర్వాత వచ్చిన ఎక్స్-మెన్ 94వ సంచికలో జరుగుతుంది. సైక్లాప్స్ తప్ప పాతవాళ్ళంతా వెళ్ళిపోతారు, వాళ్ళతోపాటు సన్‌ఫైర్ కూడా. 95లో థండర్‌బర్డ్ చనిపోతాడు. పైగా అయిదేళ్ళుగా చల్లారిపోయిన పొయ్యి అది. కుర్చీలు ముందే ఖాళీగా ఉన్నాయి, కొత్తవాళ్ళను కూర్చోబెట్టడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

1965 నాటి అవెంజర్స్ 16వ సంచికలో పొయ్యి మండుతూనే ఉంది. రాసింది స్టాన్ లీ, బొమ్మల్లో జాక్ కర్బీ, డిక్ అయర్స్ చేతులున్నాయి, వెల 12 సెంట్లు. థోర్ అప్పటికే పక్కకు తప్పుకున్నాడు. ఐరన్ మ్యాన్, జెయింట్ మ్యాన్, వాస్ప్ ఇక చాలనుకుంటారు. వాళ్ళ స్థానంలోకి ఎవరు? హాక్‌ఐ, నిన్నటి దాకా ఐరన్ మ్యాన్ మీద బాణాలు వేసినవాడు. క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్, ఎక్స్-మెన్ శత్రువు మాగ్నీటో ముఠాలో తిరిగిన అన్నాచెల్లెళ్ళు. ఈ ముగ్గురికీ పెద్ద దిక్కు కెప్టెన్ అమెరికా. అతను ఊళ్ళో లేనప్పుడే ఇదంతా తేలిపోతుంది, తిరిగొచ్చేసరికి నాయకత్వం అతని నెత్తిన ఉంటుంది.

హాక్‌ఐ వచ్చే తీరు చూడండి. దరఖాస్తు పెట్టుకోడు. అవెంజర్స్ భవనంలోకి దొంగలా దూరి బట్లర్ జార్విస్‌ను కట్టేసి, ఆ కట్లను తన బాణాలతోనే తెంపి చూపిస్తాడు. అన్నాచెల్లెళ్ళు ఉత్తరం రాసి పిలుపు కోసం ఎదురుచూస్తారు. సముద్ర రాజు నేమోర్‌ను పాతవాళ్ళే వెళ్ళి అడిగితే అతను కాదంటాడు. పాత జట్టు తన వారసులను తానే ఎంచుకుని, అప్పజెప్పి, బయటికి నడుస్తుంది. కొత్త జట్టు నలుగురిలో ఎగరగలిగేవాడు లేడు, థోర్ అంత బలవంతుడూ లేడు. అందుకే మొదటి పనిగా హల్క్‌ను వెతకాలనుకుంటారు.

మన క్రికెట్‌లోనూ ఇలాగే జరిగింది: 2007లో మొదటి టీ20 ప్రపంచకప్‌కు సచిన్, ద్రవిడ్, గంగూలీ తప్పుకుంటే ధోనీ చేతికి కుర్రాళ్ళ జట్టు వచ్చింది. మా వాడికి ఇది బాగా ఎక్కింది. వాడు పుట్టకముందు మాటే అయినా, యూట్యూబ్‌లో ఆ ఫైనల్ ఎన్నిసార్లు చూశాడో.

అప్పజెప్పడం సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో 1984లో మరో కామిక్స్ సంస్థ డీసీ వాళ్ళ సూపర్‌హీరోల జట్టు జస్టిస్ లీగ్ చూపించింది. సాయానికి రాని సూపర్‌మ్యాన్ లాంటి పెద్దవాళ్ళ మీద కోపంతో ఆక్వామ్యాన్ లీగ్‌నే రద్దుచేసి, డెట్రాయిట్‌లో వైబ్, స్టీల్, జిప్సీ, విక్సన్ లాంటివాళ్ళతో కొత్త జట్టు కడతాడు. అందరూ పూర్తికాలం పనిచేయాలన్న షరతు న్యాయమైనదే. కానీ సూపర్‌మ్యాన్ కుర్చీలో ఎవరినో కూర్చోబెట్టాలంటే ఆ కుర్చీని ఆయనే చూపించాలి. 1987కల్లా ఆ జట్టు ముగిసింది, వైబ్, స్టీల్ ప్రాణాలతో మిగల్లేదు. ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 1997 నాటి మరో జట్టు కామిక్ థండర్‌బోల్ట్స్ గురించి ఇక్కడ నోరు విప్పను, దాని మొదటి సంచిక చివరి పేజీని ఎవరికివారే తిప్పాలి.

ఇంతా విని మా వాడు ఎక్స్-మెన్ సంకలనాన్నే చంకలో పెట్టుకున్నాడు. నేనేమీ అనలేదు. రాత్రి ఇంటికొచ్చాక నా దగ్గరున్న అవెంజర్స్ పునర్ముద్రణ చేతికిచ్చాను. జార్విస్ కట్లు తెగే పేజీ దగ్గర ఆగాడు.

"నిన్నటి దాకా దుష్మన్ గదా మామా, వీణ్ణి ఎట్ల నమ్మిన్రు?"