చిన్నప్పటి పుస్తకం పేరు గుర్తులేదు: ఎక్కడ వెతికితే మేలు?

"పేరు గుర్తులేదండి, కానీ అందులో ఒక రాజకుమారుడు, ఒక మాంత్రికుడు, ఆ మాంత్రికుడి ప్రాణమేమో చిలకలో..." ఇలా మొదలైన వెతుకులాట ఒక పట్టాన తేలదు. ఏడు సముద్రాల అవతల చెట్టు మీద చిలక, ఆ చిలకలో ప్రాణం అన్న ముక్క బాలనాగమ్మ కథలో ఉంది. బుర్రకథగా విన్నవాళ్లున్నారు, సినిమాగా చూసినవాళ్లున్నారు. పిల్లల పత్రికల్లో అది ఎన్ని వేషాలు మార్చుకుని వచ్చిందో లెక్కలేదు. కథ చెబితే ఎదుటివాళ్లు "ఆ, నేనూ చదివాను" అంటారు. వాళ్లు చదివినదీ మీరు చదివినదీ ఒకటే పుస్తకం అన్న నమ్మకం మాత్రం లేదు.

అదే మా పిన్ని సంగతి చూడండి. అమలాపురం దగ్గర పల్లెలో, కొబ్బరితోటల మధ్య పెరిగిన మనిషి. ఆవిడకి గుర్తున్నది ఇంతే: ఎటు చూసినా మంచు, దూరప్రయాణం, ఇద్దరు చిన్న అన్నదమ్ములు. వాళ్లు పోట్లాడుకున్నప్పుడు ఒకడు రెండోవాడి డబ్బా కిటికీలోంచి విసిరేస్తాడు, నాన్న పంపిన టెలిగ్రాం అందులోనే ఉంటుంది. పేరు చెప్పకపోయినా సోవియట్ పుస్తకాలు చదివినవాళ్లు వెంటనే పట్టేస్తారు. అది గైదార్ రాసిన చుక్, గెక్ అనే అన్నదమ్ముల కథ. టెలిగ్రాం ఉన్న డబ్బా ఇంకో పిల్లల కథలో నాకు కనబడలేదు కాబట్టి అక్కడ కథే దారి చూపింది. చిలకలో ప్రాణం అయితే దారి చూపదు.

అందుకని ఎక్కడ వెతకాలన్నది మీ గుర్తు ఎలాంటిదన్న దాన్నిబట్టి ఉంటుంది. మన గోదావరి జిల్లాలవాళ్లకి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: ఇంట్లోవాళ్లని అడగడం, ఊరి గ్రంథాలయం, ఇంటర్నెట్లో ఉన్న స్కాన్ కాపీలు, పాతపుస్తకాల కొట్లు. ఈమధ్య అయిదోది కూడా వచ్చింది, ఏఐని అడగడం. అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ముందు ఇల్లు. వేరే ప్రాంతాలవాళ్లు అటక మీద పెట్టె దింపి చూసుకోమంటారు. డెల్టాలో ఆ ఆశ కాస్త తక్కువే. 1986 ఆగస్టు వరదలో లంకల్లోనూ గట్ల వెంబడి ఊళ్లలోనూ ఇళ్లు మునిగాయి. బియ్యం, బట్టలు పైకి ఎక్కించారుగానీ పిల్లల పుస్తకాల గురించి ఎవరికి పట్టింది? తరవాత 1996 నవంబరు 6 నాటి తుపానుకి కోనసీమలో పైకప్పులు ఎగిరిపోయాయి. ఈ రెండూ దాటి మిగిలినవాటిని చెమ్మ, చెదలు చూసుకున్నాయి. రేకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ దొరుకుతాయి.

అయితే పుస్తకం పోయినా దాని సంగతి తెలిసిన మనుషులు ఉంటారు. వాళ్లని "ఆ పుస్తకం పేరేంటి?" అని అడిగితే లాభం లేదు, వాళ్లకీ గుర్తుండదు. "అది ఎవరు తెచ్చారు? ఎక్కణ్ణించి తెచ్చారు?" అని అడగాలి. ఆ ప్రశ్నకి పెద్దవాళ్ల దగ్గర చాలాసార్లు ఠక్కున జవాబు ఉంటుంది. "మీ తాతయ్య పుష్కరాలకి రాజమండ్రి వెళ్లినప్పుడు రైలుస్టేషన్ దగ్గర కొన్నార్రా" అని పెద్దమ్మ అందనుకోండి. ఆ ఒక్క ముక్కలో ఊరూ ఉంది, ఏడాదీ ఉంది. గోదావరి పుష్కరాలు 1979లో, 1991లో, 2003లో వచ్చాయి. మీ వయసుని బట్టి ఏ పుష్కరమో తేలిపోతుంది. అలాగే "వరదకి ముందా, తర్వాతా?" అని అడగండి. మనవాళ్లకి తారీఖు గుర్తుండకపోయినా వరద గుర్తుంటుంది. కాలం తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలీదు. ఈ పని ముందు చెయ్యమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గ్రంథాలయం ఇంకో పదేళ్లయినా అక్కడే ఉంటుంది, పెద్దమ్మ జ్ఞాపకం అలా ఉండదు.

ఇంట్లో అడిగితే బయటపడే ఇంకో విషయం: మీరు పుస్తకం అనుకున్నది అసలు పుస్తకమే కాకపోవచ్చు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించడం అప్పట్లో ఎన్నో ఇళ్లలో ఉన్న అలవాటు. గట్టి అట్ట, వీపున కేలికో గుడ్డ, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా పేస్టు. లోపల మొదటి పేజీ ఉండదు, ప్రచురణకర్త పేరు ఉండదు, ధర ఉండదు. ఒక్కోసారి సీరియల్ పేరున్న మొదటివారం పేజీలే పోయి ఉంటాయి. ఇలాంటిదాన్ని ఏ గ్రంథాలయం జాబితాలో వెతికినా కనబడదు. గుర్తు పట్టడానికి ఒక ఆనవాలు ఉంది. అధ్యాయం మధ్యలో ప్రకటన ఉన్నట్టో, పేజీ అంకెలు 23 తర్వాత ఒక్కసారిగా 41కి దూకినట్టో గుర్తుంటే అది పత్రికలోంచి చింపిందే. అప్పుడు నేరుగా పత్రికల దగ్గరికి వెళ్లాలి.

పత్రికలంటే స్కాన్ కాపీలే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. చందమామ 1947 జూలైలో మొదలైంది. పాత సంచికలు నెలల వారీగా చాలామటుకు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. ఒక ఏడాది సంచికలు ఒక సాయంత్రం తిరగెయ్యొచ్చు. అందులో వచ్చిన మాంత్రికులు, రాక్షసుల సీరియల్స్ ఎన్నో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినవే, కానీ పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. కాబట్టి రచయిత పేరుతో వెతికే దారి అక్కడ మూసుకున్నట్టే. బొమ్మతో వెతకాలి. సీరియల్స్‌కి చిత్రా గీసిన బొమ్మలు ఒక తీరు, బేతాళ కథలకి శంకర్ గీసినవి ఇంకో తీరు, అట్టమీద వడ్డాది పాపయ్య గారి రంగులు వేరే లోకం. విక్రమార్కుడి భుజం మీద శవం బొమ్మ కళ్లముందు కదిలితే అది శంకర్ గారిదే అయుండొచ్చు. బొమ్మ మూలన చిన్న సంతకం గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. కథ పదిమందీ చెబుతారు, బొమ్మ మాత్రం ఒక్కరు గీసిందే కదా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పిల్లల పత్రిక ఏదైనా మన ఇళ్లలో "చందమామ" అనే పిలిచేవారు, బాలమిత్రనీ బొమ్మరిల్లునీ కూడా. దాసరి గారు బొమ్మరిల్లుకీ సీరియల్ రాశారు, అందుకని ఆ వరసలు కలిసిపోయినట్టు అనిపిస్తాయి. చందమామలో దొరకలేదంటే ఆశ వదులుకోవద్దు. రెండోది, చందమామ తన పాత సీరియల్స్‌ని ఏళ్ల తర్వాత మళ్లీ వేసింది. మీరు చదివిన ఏడాదే అది మొదట అచ్చయిన ఏడాది అవ్వాలని లేదు.

విడి పుస్తకాల విషయంలో స్కాన్ల సత్తా ఇంత ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది, అది చాలా గొప్ప పని. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు వేశారు. దీర్ఘాలు పోయాయి, ఒత్తులు పోయాయి. ఒకే మాటని నాలుగు రకాలుగా కొట్టి చూడాల్సిందే. పేరే తెలియనివాళ్లకి ఈ తిప్పలు దేనికీ? పైగా అక్కడి పేజీలు చాలావరకు నలుపు తెలుపు, అట్టలు లేనివీ ఎక్కువే. "ఎర్ర అట్ట మీద పులి" అన్నది మీ గుర్తయితే ఆ స్కాన్లలో అది అక్కరకు రాదు. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, కాళహస్తి తమ్మారావు వంటి ప్రచురణకర్తలు పల్లెపల్లెకీ చేరేలా వేసిన చౌక పుస్తకాలైతే స్కానర్ దాకా వెళ్లినవి తక్కువ. సంతలోనో తీర్థంలోనో కొన్న పుస్తకాన్ని ఏ గ్రంథాలయం దాచింది గనక?

ఇక గ్రంథాలయం. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, నాళం కృష్ణారావు గారి చలవ. తాళపత్రాలూ పాత పత్రికలూ ఉన్న చోటు. వెళ్లి చూడాల్సిందే. కానీ చిన్నప్పటి పుస్తకం కోసమైతే నేను ముందు మీరు చదివిన ఊరి శాఖా గ్రంథాలయానికే వెళ్లమంటాను, అది ఎంత చిన్నదైనా సరే. అక్కడ అరలు చూస్తే నిరాశే మిగులుతుంది. పిల్లల పుస్తకాలు నలిగిపోతాయి, చిరిగిపోతాయి, కొట్టేస్తారు. బతికి ఉన్నవాటికి అట్ట తీసేసి మళ్లీ బైండు చేయించి ఉంటారు, వరసగా అన్నీ ఒకే రంగు. అడగాల్సింది యాక్సెషన్ రిజిస్టర్. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వచ్చిన వరసలో అందులో రాస్తారు: నంబరు, తారీఖు, రచయిత, పేరు, ప్రచురణకర్త, పేజీలు, ధర. పుస్తకం పోయినా, తర్వాత చిత్తుకింద తీసేసినా ఆ వరస అలాగే ఉంటుంది, పక్కన ఎర్ర సిరాతో ఒక మాట చేరుతుంది అంతే.

ఇందుకే ముందు ఏడాది తేల్చుకోమన్నాను. మీరు అయిదో క్లాసులో ఉండగా సెలవుల్లో అక్కడ చదివారంటే, దానికి ముందు రెండు మూడేళ్ల పేజీలు చూస్తే చాలు. పొడుగాటి రిజిస్టరు, చేతిరాత, పెన్సిలు గీతలు. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి దిగుతుంటే, తలచుకున్నా గుర్తురాని పేరు కంటికి కనబడగానే "ఇదే!" అనిపిస్తుంది. పేరు గుర్తుకి తెచ్చుకోవడం వేరు, చూసి పోల్చుకోవడం వేరు, రెండోది మనసుకి చాలా తేలిక. ఈ ఒక్క కారణంతోనే విడి పుస్తకాలకి నా ఓటు రిజిస్టరుకే. లైబ్రేరియన్ గారికి ఏం కావాలో నెమ్మదిగా చెప్పి, రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లండి. పాత రిజిస్టర్లు బీరువా అడుగున ఉంటాయి, దింపాలంటే ఆయనకి తీరిక ఉండాలి.

సోవియట్ పుస్తకాలది వేరే దారి. పెద్ద సైజు, గట్టి అట్ట, మెరిసే కాగితం, రంగుల బొమ్మలు, ధరేమో చౌక. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకి వస్తే కొన్నవాళ్లు ఎంతమందో. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపేవి, 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆగిపోయాయి. కాబట్టి మీది ఆ రకమైతే కాలం గురించి టెన్షన్ లేదు, 1991కి ముందుదే. వీటిని అభిమానులు ఇష్టంగా రంగుల్లో స్కాన్ చేసి పెట్టారు, బొమ్మ చూసి పోల్చుకోవచ్చు. పుస్తకం చేతిలో ఉంటే అనువాదకుల పేరు, రష్యన్ అసలు పేరు లోపలే అచ్చయి ఉంటాయి. అదే పేరుతో మిగతా భాషల కాపీలు కూడా పట్టుకోవచ్చు.

పాతపుస్తకాల కొట్ల గురించి ఎక్కువ చెప్పను. విజయవాడ లెనిన్ సెంటర్‌కి వెళ్లొచ్చు, రోజంతా దుమ్ములో హాయిగా గడపొచ్చు. అట్ట రంగు మాత్రమే గుర్తున్నవాళ్లకి అదే సరైన చోటు, అసలు అట్టతో పుస్తకం కనబడేది అక్కడే. కానీ ఫలానాది కావాలని వెళితే అదృష్టం మీద ఆధారపడాలి. పేరు తెలిశాక కాపీ కొనుక్కోవడానికి వెళ్లడం మేలు.

ఏఐ సంగతి. ఇంగ్లీషు పుస్తకాల కథ చెబితే అది బాగానే పట్టుకోవచ్చు. తెలుగు పిల్లల పుస్తకాల గురించి ఇంటర్నెట్లో ఉన్నదే కొంచెం. తెలియనప్పుడు తెలియదనకుండా ఒక పేరూ ఒక రచయితా కల్పించి చెప్పే ప్రమాదం ఎక్కువ. ఆ పేరు ఒకసారి తలకెక్కితే అసలు జ్ఞాపకం కూడా దాని పక్కకి ఒరిగిపోతుంది, నాకు భయం అక్కడే. దాన్ని ఒక్క పనికి వాడుకోవచ్చు: డిజిటల్ లైబ్రరీలో వెతకడానికి ఒక తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో జాబితా ఇమ్మనడం.

ఏ దారిన దొరికినా, అదే పుస్తకమని ఒప్పుకునేముందు ఒక పరీక్ష ఉంది. మీకు గుర్తున్నవాటిలో ఒక చిన్న వివరాన్ని ఎవరికీ చెప్పకుండా అట్టేపెట్టుకోండి. ముసలమ్మ చేతిలో ఉన్నది కర్రా గొడుగా, పడవకి తెరచాప ఉందా లేదా, అలాంటిది. పేజీ తీసినప్పుడు అది కూడా కుదిరితే అదే. మిగతావన్నీ కుదిరి అది కుదరకపోతే అదే కథకి వేరే ముద్రణ అయుండొచ్చు, ఇంకాస్త చూడండి.

పేరు ఖాయమైంది, కాపీ మాత్రం ఎక్కడా లేదంటే చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం, కలకత్తాలో జాతీయ గ్రంథాలయం ఉన్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ఒకటి వాటికి పంపాలి. చిన్న ప్రచురణకర్తలు పంపనివీ ఉంటాయి కాబట్టి రైలెక్కే ముందు వాళ్ల కేటలాగులో పేరు చూసుకుని, రిజిస్టరులో రాసుకొచ్చిన ప్రచురణకర్తతో, పేజీల సంఖ్యతో సరిపోయిందో లేదో పోల్చుకోండి.