కొండదారిలో గుంపు పరుగు: ఆగి కలుపుకోవడమా, జట్లుగా విడిపోవడమా, గడియారం చూసి వెనక్కి తిరగడమా?

వారాంతంలో 12 మంది కలిసి కొండల్లోకి పరుగుకు బయల్దేరారనుకోండి. దారి 12 కిలోమీటర్లు, మొత్తం మీద ఎక్కాల్సిన ఎత్తు 500 మీటర్లు. అందరికంటే చురుకైనవారు కిలోమీటరుకు 7 నిమిషాలు తీసుకుంటే, అందరికంటే నెమ్మదిగా వచ్చేవారికి 11 పడుతుంది. 2 కిలోమీటర్లు దాటేసరికే ఇద్దరికీ మధ్య 8 నిమిషాల ఎడం. 12 కిలోమీటర్లకు 48 నిమిషాలు. పార్కులో ఇది లెక్కలోకి రాదు, ఎవరెక్కడున్నారో కనబడుతూనే ఉంటుంది. కొండదారిలో ఒక్క మలుపు తిరిగితే మనిషి కనబడరు. ఆ 48 నిమిషాలను ఎలా సర్దాలన్నదే ట్రెయిల్ రన్నింగ్ క్లబ్బులకు ప్రతి వారం ఎదురయ్యే చిక్కు. నేను మూడు పద్ధతుల్లోనూ పరుగెత్తాను. మూడింటినీ ఒకే కొలతతో చూస్తాను: అందరికంటే వెనక ఉన్న మనిషి సంగతేమిటి?

మొదటిది, దారి చీలే ప్రతి చోటా ఆగి అందరినీ కలుపుకోవడం. దారి తెలిసినవారు ముందు ఉంటారు. అందరికంటే వెనక స్వీపర్ ఉంటారు. స్వీపర్ పని ఒక్కటే, ఎవరినీ దాటకపోవడం. ఎవరైనా లేసు కట్టుకోవడానికి ఆగితే స్వీపరూ ఆగాలి. దారి తప్పే ప్రమాదం దాదాపు ఉండదు, అందరూ ఒకే కొండను కలిసి ఎక్కిన తృప్తి ఉంటుంది. స్నేహం కోసం నడిచే క్లబ్బుకు ఇదే సహజమైన పద్ధతి అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక అన్యాయం దాగి ఉంది. అది నాకు ఒక జంక్షన్ దగ్గర కళ్ల ముందే కనిపించింది.

మేం చేరిన చాలాసేపటికి ఒకామె స్వీపర్‌తో కలిసి పైకి వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వంగి నిలబడింది. తర్వాత సీసా తీసి మూత తిప్పడం మొదలుపెట్టింది. అప్పటికే ముందు వరుసలోంచి "అందరూ వచ్చేశారుగా, పదండి" అన్న మాట వినబడింది, గుంపు కదిలింది. ఆమె మూత మళ్లీ బిగించి, నీళ్లు తాగకుండానే వెంటపడింది. నేను చూశాను. ఆగమని అనలేదు. ఆ తర్వాతి వారం ఆమె రాలేదు.

లెక్క చూస్తే విషయం స్పష్టంగానే ఉంది. 8 నిమిషాలు ముందు వచ్చినవారికి 8 నిమిషాల విశ్రాంతి. అందరికంటే అలసినవారికి సున్నా. జంక్షన్ జంక్షన్‌కీ ఇదే జరుగుతుంది. అందుకే ఈ పద్ధతి పాటించే క్లబ్బులో ఒక నియమం తప్పకుండా ఉండాలి: చివర వచ్చినవారు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, "పదండి" అన్నాకే గుంపు కదలాలి. ఆ మాట చెప్పే హక్కు వాళ్లది, ముందుండి దారి చూపేవారిది కాదు.

ముందు వచ్చినవారి ఇబ్బందీ చిన్నదేం కాదు. సగటున 1000 మీటర్ల ఎత్తుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చెమటతో తడిసిన బట్టల మీద గాలి తగులుతుంటే 8 నిమిషాలు నిలబడడం కష్టమే. ఆగేది శిఖరం మీద కాకుండా గాలి తగలని పక్కన ఆగాలి, సంచిలో పల్చటి జాకెట్ ఉండాలి. ఇంతకంటే మంచి ఉపాయం ఇంకొకటుంది. ముందున్నవారు ఊరికే నిలబడకుండా వెనక్కి దిగి, చివరివారిని కలిసి, వాళ్లతోపాటు మళ్లీ ఎక్కడం. వాళ్లకు కావలసిన శ్రమ దొరుకుతుంది, వెనకున్నవారికి తోడు దొరుకుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1938లో కౌలాలంపూర్‌లో మొదలైన హ్యాష్ హౌస్ హ్యారియర్స్ పరుగుల్లో దారి గుర్తులు పెట్టేవాళ్లు కావాలనే తప్పుడు దారులు కూడా వేస్తారు. ముందు దూసుకెళ్లేవాళ్లు వాటి వెంట పోయి తిరిగొచ్చేలోగా వెనకున్నవాళ్లు అందుకుంటారు. ఎవరినీ నిలబెట్టకుండానే గుంపు ఒక్కటవుతుంది. నాకు ఆ తెలివి చాలా ఇష్టం.

రెండోది, వేగాన్ని బట్టి జట్లుగా విడిపోవడం. ఎవరి లయ వారిది, ఎవరూ ఎవరి కోసమూ చలిలో నిలబడక్కర్లేదు. పోటీలకు సిద్ధమయ్యేవారికి ఇదే హాయి. అయినా స్నేహపూర్వకమైన పరుగుకు నేను దీన్ని చివర పెడతాను. మూడు జట్లంటే దారి తెలిసినవారు ముగ్గురు కావాలి, స్వీపర్లు ముగ్గురు కావాలి. చాలా క్లబ్బుల్లో దారి బాగా తెలిసినవారే వేగంగా పరుగెత్తేవారు కూడా, వాళ్లంతా మొదటి జట్టులోకి వెళ్లిపోతారు. కొత్తవాళ్లూ నెమ్మదిగా వచ్చేవాళ్లూ కలిసిన మూడో జట్టు చేతిలో ఫోన్‌లోని మ్యాప్ ఒక్కటే మిగులుతుంది. ఒక జట్టులో నలుగురికి తగ్గకూడదు: ఒకరికి చీలమండ బెణికితే ఒకరు పక్కన కూర్చోవాలి, ఇద్దరు కలిసి సాయం కోసం వెళ్లాలి.

ఇంకో చిక్కేమిటంటే, చాలామంది రోడ్డు వేగాన్ని చూసుకుని జట్టు ఎంచుకుంటారు. ట్రెయిల్ పరుగుల్లో ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఒక కిలోమీటరు కలిపి లెక్కేస్తారు. అలా చూస్తే ఈ 12 కిలోమీటర్ల దారి 17 కిలోమీటర్లతో సమానం. ఈ లెక్కలో కూడా దిగుడు కష్టం కనబడదు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి, అందుకే ఆ నొప్పి అప్పటికప్పుడు కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా బయటపడుతుంది. ఎక్కడంలో ముందుండే మనిషి రాళ్ల దిగుడులో అందరికంటే వెనకబడడం నేను చాలాసార్లు చూశాను. ఆ మనిషి ఏ జట్టు?

మూడోది, గడియారం పద్ధతి. ఒకే కాలిబాట మీద అందరూ ఎవరి వేగంతో వాళ్లు పైకి వెళ్తారు. 45 నిమిషాలు కాగానే ఎక్కడున్నవారు అక్కడే వెనక్కి తిరుగుతారు. అంతే. వేగంగా వెళ్లినవారు ఎక్కువ దూరం వెళ్తారు, నెమ్మదిగా వెళ్లినవారు తక్కువ, కిందికి మాత్రం అందరూ కొద్ది నిమిషాల తేడాలో చేరతారు. అందరూ ఒకే క్షణంలో తిరుగుతారు కాబట్టి ఇరుకు బాటలో ఎదురెదురుగా రావడమూ ఉండదు. భద్రత దృష్ట్యా కూడా ఇది గట్టి పద్ధతి. పైకి వెళ్తూ ఎవరైనా పడితే వెనక వచ్చేవారు చూస్తారు. అందరికంటే వెనకున్నవారే పడితే, తిరిగి వచ్చే 11 మందీ ఆ దారినే రావాలి.

దీనికీ హద్దులున్నాయి. వెళ్లిన దారినే రావాలి, శిఖరం అందరికీ దక్కదు, చీలికలు ఎక్కువగా ఉన్న దారికి పనికిరాదు. ముఖ్యంగా మొదట దిగి తర్వాత ఎక్కే దారిలో దీన్ని అసలు పెట్టకూడదు. తిరుగు ప్రయాణమంతా ఎక్కుడే అయితే అలసిన కాళ్లకు 45 నిమిషాలు గంట దాటిపోతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా వెలుతురు లెక్క వేసుకోవాలి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. మన 12 కిలోమీటర్ల దారికి 3 గంటల 14 నిమిషాలు. ఇది ఆరోగ్యంగా నడిచేవారి సంగతి. కాలు బెణికినవారికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరా ఈల ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదితే కొండల్లో అది ఆపద సంకేతం. మూడుసార్లు ఊదితే జవాబు.

అలవాటైన గుంపు, చుట్టు తిరిగి వచ్చే దారి అయితే నా ఓటు ఆగి కలుపుకోవడానికే, చివరివారి మాట నియమంతో సహా. కొత్తవాళ్లు కలిసిన గుంపుకు మాత్రం గడియారమే మేలు. మేం మొదటిసారి అలా పరుగెత్తిన రోజు ఆమెను మళ్లీ పిలిచాం. 45వ నిమిషంలో అలారం మోగగానే ఆమె వెనక్కి తిరిగింది, ఆ క్షణం నుంచి గుంపుకు ముందున్నది ఆమే. ఊపిరి ఎగబీల్చుకుంటూ మేం కిందికి వచ్చేసరికి ఒక బండ మీద కూర్చుని తీరిగ్గా నీళ్లు తాగుతోంది.