పూల మందుల పుట్టింట్లో ఒక పూట

హోమియో వాడే ఇళ్లలో బాచ్ పూల మందుల పేరు చాలామంది వినే ఉంటారు. అవి పూర్తి రూపం దిద్దుకున్న ఇల్లు మౌంట్ వెర్నన్. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రైట్‌వెల్-కమ్-సాట్‌వెల్ అనే పల్లెలో ఉంది. లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కి డిడ్‌కాట్‌లో దిగి, వాలింగ్‌ఫర్డ్ బస్సు పట్టుకున్నాం.

రాజభవనం లాంటిది ఊహించుకుని వెళ్లకండి. అది చిన్న ఇటుకల ఇల్లు, చుట్టూ తోట. ఈ మందులు కనిపెట్టిన డాక్టర్ ఎడ్వర్డ్ బాచ్ 1934లో ఇక్కడికొచ్చి, 1936లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన తన చేత్తో చేసుకున్న కుర్చీలు, బల్లలు చూస్తుంటే నాకు చాలా గౌరవం కలిగింది. లండన్‌లో బాక్టీరియాలజిస్టుగా పేరున్న మనిషి, 1930లో ప్రాక్టీసు వదిలేసి పూల కోసం పొలాల వెంట తిరిగారు. రోగాన్ని కాదు, రోగి భయాన్నీ దిగులునూ చూడాలన్నది ఆయన పట్టుదల.

మందు తయారీ ఆశ్చర్యమనిపించేంత సులువు. గాజు గిన్నెలో ఊట నీళ్లు పోసి, పూలు తేలేసి, మంచి ఎండలో మూడు గంటలు ఉంచుతారు. చెట్ల కొమ్మలు, మొగ్గల్లాంటివైతే అరగంట ఉడికిస్తారు. ఆ నీటికి సమానంగా బ్రాందీ కలుపుతారు. మొత్తం 38 మందుల్లో ఒకటి మాత్రం ఉట్టి ఊట నీరే. 1928లో మొదట చేసిన వాటిలో ఇంపేషెన్స్ ఒకటి. ఆ మొక్క మన హిమాలయాల నుంచి వెళ్లిందే!

ఇవి పనిచేస్తాయా అంటే, ఇప్పటిదాకా జరిగిన పరీక్షల సమీక్షల్లో పోలిక కోసం ఇచ్చే ఉత్తుత్తి మందుకు మించిన ఫలితం కనబడలేదు. ఒంట్లో బాగోకపోతే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మద్యం ముట్టనివాళ్లు, పిల్లలకు వేసేవాళ్లు సీసా మీద బ్రాందీ సంగతి చదువుకోండి. ఇంటి చరిత్ర కోసమైతే మాత్రం ఈ ప్రయాణం ముమ్మాటికీ దండగ కాదు.

బసకు ఆక్స్‌ఫర్డ్ కంటే వాలింగ్‌ఫర్డ్ నాకు నచ్చింది. థేమ్స్ ఒడ్డున పాత బజారు ఊరు, రద్దీ తక్కువ, కోట శిథిలాల దాకా నడిచి వెళ్లొచ్చు. మౌంట్ వెర్నన్ తెరిచే వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందే కనుక్కోండి. తిరుగు బస్సు వేళ కూడా రాసిపెట్టుకోండి, పల్లెలో ఆటోలు దొరకవు.