కిటికీ ఎదుట పని బల్ల: ఇంటి వడ్రంగి గదిపై కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఇంట్లో ఒక గదిని వడ్రంగానికి కేటాయించి, చెట్లు కనిపించే పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టించి, దానికి ఎదురుగా పని బల్ల వేసుకుని కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. ఇటువంటి గది ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో అందరికీ తెలిసినదే కనుక, వాడకంలో తేలిన విషయాలకే పరిమితమవుతాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది కిటికీ నుంచి పడే వెలుతురు గురించి. చిత్రిక పట్టిన చెక్క మీద కిటికీ వెలుగు ఏటవాలుగా పడినప్పుడు, బ్లేడు అంచు వదిలిన సన్నని మెట్లు, చెక్క నార ఎదురు తిరిగి చిట్లిన చోట్లు, సాండింగ్ యంత్రం మిగిల్చిన సుడుల గీతలు, అన్నీ తమ తమ నీడలతో సహా బయటపడతాయి. నెత్తి మీది దీపం కింద నున్నగా తోచిన పలకే పాలిష్ వేశాక లోపాలు చూపించడం ఈ పనిలో ఉన్నవారికి అనుభవమే. నా దృష్టిలో ఈ కిటికీ విలువ దృశ్యంలో కంటే ఇందులోనే ఎక్కువగా ఉంది.

అయితే ఇదే అమరికలో ఒక ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చెక్కను బల్ల ముందు అంచున ఉన్న వైస్‌లో (మర తిప్పి బిగించే పట్టులో) నిలువుగా బిగించినప్పుడు, మన వైపు ఉండే ముఖం కిటికీకి పెడగా ఉండి నీడలో పడుతుంది. జాయింటు కోయడానికి గీసిన గీత ఉండేది సరిగ్గా ఆ ముఖం మీదే. అందుకే వంచడానికి వీలున్న చిన్న దీపాన్ని బల్లకు ఇవతలి వైపు అమర్చుకోక తప్పలేదు. కిటికీ బల్లకు ఒక పక్కన ఉంటే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది, కానీ అప్పుడు తల ఎత్తగానే చెట్లు కనిపించవు.

ఎండ సంగతి ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు కిటికీకి, దక్షిణార్ధగోళంలో దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ తక్కువగా తగులుతుంది, రోజంతా వెలుతురు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నాకు చెట్లు ఉన్నది పడమటి వైపు కనుక వాటినే ఎంచుకున్నాను, దాని మూల్యం ప్రతి సాయంత్రమూ చెల్లిస్తున్నాను. బల్ల మీద వదిలిన పలుచని పలక ఎండ తగిలిన వైపు త్వరగా ఆరి కుదించుకుపోయి, ఆ వైపుకే దొన్నెలా వంగుతుంది. చెర్రీ చెక్క ముదురు రంగుకు తిరుగుతుంది, వాల్‌నట్ క్రమంగా వెలిసిపోతుంది. జిగురు పూసిన భాగాలు, కూర్చి బిగించేలోపే పైపొర కట్టేస్తాయి. వెలుతురును ఆపకుండా ఎండను మాత్రం చెదరగొట్టే పైకి చుట్టే తెల్లని తెర వేశాక ఈ బాధలు చాలావరకు తీరాయి. కిటికీతో పాటే దాని ఖర్చునూ లెక్కలో వేసుకోవడం మంచిది.

టేబుల్ సాను (బల్లలో అమర్చిన గుండ్రని రంపపు యంత్రాన్ని) మాత్రం కిటికీకి ఎదురుగా పెట్టకూడదు. తిరిగే రంపం ముందు నిలబడినవారి కళ్లకు వెలుగు కొట్టడం ప్రమాదం, బయట కదిలే పిట్ట వైపు చూపు మళ్లడం అంతకంటే ప్రమాదం. యంత్రాలున్న లోపలి భాగంలో గోడలకు తెల్ల రంగు వేయించి, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో తెలిపే కొలత) 90కి పైగా ఉన్న, పగటి వెలుగులా తెల్లగా ఉండే 5000 కెల్విన్ ఎల్ఈడీ దీపాలు పెట్టాను. పాత చోక్ ఉన్న ట్యూబులైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మిణుకుతాయి కనుక, తిరుగుతున్న బ్లేడు కొన్ని వేగాల దగ్గర ఆగినట్టు భ్రమ కలిగించగలదు.

దృశ్యం మాటకొస్తే, దగ్గరి గీతలనే చూసి అలసిన కళ్లకు దూరపు పచ్చదనం నిజంగానే విశ్రాంతి. చీకటి పడ్డాక మాత్రం అద్దంలో సొంత దీపాలే మెరుస్తాయి, అప్పుడూ తెర దించవలసిందే. కిటికీ తినేసిన గోడ మీద ఉలులు, రంపాలు తగిలించే చోటు పోతుంది కనుక, దానికి లంబంగా ఉన్న గోడను పూర్తిగా పనిముట్లకే ఖాళీగా ఉంచమని ఇటువంటి గది కట్టుకునేవారికి నా సలహా.